వారాలబ్బాయి నుంచి బడి భోజనం దాకా



"వారాలబ్బాయి" అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. బామ్మలూ అమ్మమ్మలూ పాత సంగతులు చెప్పేటప్పుడు "మంగళవారం మా ఇంటికి ఒక వారాలబ్బాయి వచ్చేవాడు" అంటూ మొదలుపెట్టేవారు. ఈ కాలం పిల్లలకు ఆ మాట చెబితే "వారాలబ్బాయి అంటే ఎవరమ్మా?" అని అడుగుతారు. బీద విద్యార్థి ఒకడు ఊళ్ళో ఏడు ఇళ్ళు కుదుర్చుకుని, వారంలో రోజుకొక ఇంట అన్నం తిని చదువుకునేవాడు. దానినే వారాలు చేసుకుని చదువుకోవడం అనేవారు. ఆదివారం ప్లీడరుగారిల్లు, సోమవారం పంతులుగారిల్లు, మంగళవారం ఇంకొకరిల్లు, అలా అన్నమాట.

చదువుల చరిత్ర చెప్పేవాళ్ళు ఎవరు బడి కట్టించారో చెబుతారు, ఏ చట్టం ఎప్పుడు వచ్చిందో చెబుతారు. ఆ బడిలో కూర్చున్న పిల్లవాడు ఆ పూట ఏం తిన్నాడో, ఆ అన్నం ఎవరు వండారో సాధారణంగా చెప్పరు. ఈవేళ మనం ఆ సంగతే చెప్పుకుందాం. ఇది మన వంటింటికి సంబంధించిన చరిత్ర కూడాను.

ముందుగా రెండు వందల ఏళ్ళ కిందటికి వెళదాం. 1823లో బళ్ళారి కలెక్టరుగా ఉన్న కాంబెల్ దొర తన జిల్లాలోని బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఈనాటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. జిల్లా మొత్తానికి 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. అంటే సగటున బడికి పన్నెండు పదముగ్గురే. ఆ ఆరువేల చిల్లరలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? 60 మంది. పిల్లలు ఇంత తక్కువగా ఎందుకున్నారన్న దానికి ఆయన చెప్పిన కారణం పేదరికం. పిల్లలకు ఒంట్లో కాస్త సత్తువ రాగానే తల్లిదండ్రులు పనిలో పెడుతున్నారని, పూర్వపు పాలకులు విద్యకు ఇచ్చే ఆదరువు కంపెనీ పాలనలో లేకుండా పోయిందని రాశాడు. పంతులు ఉన్నాడు, బడి ఉంది, కాని పిల్లవాడి కడుపు సంగతి చూసేవాళ్ళు లేరు. దొరగారు రాసిన దానికి మన మాటల్లో అర్థం అదే.

ఆ తరువాత ఇంగ్లీషు చదువులు వచ్చాయి. 1843లో బందరులో నోబుల్ దొర బడి పెట్టాడు. రాజమండ్రి, నెల్లూరు, గుంటూరు, విజయనగరం లాంటి పట్నాలలో హైస్కూళ్ళు వెలిశాయి. వీధిబడి అయితే ఊళ్ళోనే ఉండేది, పిల్లవాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి తినేవాడు. హైస్కూలు ఆ ఊరికి ఎన్నో కోసుల దూరాన ఉంది. పదేళ్ళ పిల్లవాణ్ణి పట్నం పంపితే ఎక్కడ పడుకోవాలి? ఎక్కడ తినాలి? హాస్టళ్ళు లేవు. పూటకూళ్ళ ఇంట్లో తినాలంటే డబ్బు కావాలి. సత్రం అరుగో, గుడి మండపమో దొరికితే పడక కుదిరేది. తిండికి మాత్రం వారాలే గతి.

ఇందులో ఉన్న తెలివి చూడండి. ఒక పిల్లవాణ్ణి ఏడాది పొడుగునా పోషించాలంటే మామూలు సంసారికి భారమే. అదే వారానికి ఒక్కరోజు అంటే, ఉన్న ఎసట్లో మరో గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తే సరిపోయేది. ఏడు ఇళ్ళు కలిసి ఒక పిల్లవాణ్ణి పంచుకున్నాయన్నమాట. దానికి సంఘం లేదు, చందా పుస్తకం లేదు, మీటింగులు లేవు. ఇంటి యజమాని "సరే, గురువారం మా ఇంటికి రా" అని ఒక్క మాట అనేవాడు. ఆ మాటను ఏళ్ళ తరబడి నిలబెట్టింది మాత్రం ఇల్లాలు. బియ్యం కడిగింది, పొయ్యి దగ్గర కూర్చుంది, విస్తరి వేసి వడ్డించింది ఆవిడే. బడి కట్టించినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. గురువారం అన్నం పెట్టినావిడ పేరు ఎక్కడా ఉండదు.

అలాగని ఈ వారాల పద్ధతిని మరీ ఆకాశానికి ఎత్తేయకూడదు. ఏడు ఇళ్ళూ కుదరని వాడికి ఖాళీ రోజున మంచినీళ్ళే భోజనం. లేదా నాలుగిళ్ళు తిరిగి మధూకరం ఎత్తుకోవడం. కన్నతల్లిలా చూసుకున్న ఇళ్ళు ఉన్నాయి. నూతిలో నీళ్ళు తోడించి, చంటిపిల్లను ఎత్తుకోమని, బజారు పనులు చేయించుకుని, అందరూ తిన్నాక ఆఖర్ని అడుగూ బొడుగూ వడ్డించిన ఇళ్ళూ ఉన్నాయి. పెట్టేవాళ్ళ మొహం ఎలా ఉందో చూసుకుని ముద్ద మింగవలసిన బతుకు అది. అన్నం దొరికినా అభిమానం దెబ్బతినేది.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ విస్తరి అందరికీ వేయలేదు. ఆచారాల కాలం కదా, వారాలు దొరికింది ముఖ్యంగా బ్రాహ్మణ పిల్లలకే. మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టిన పిల్లవాడు ఎంత తెలివైన వాడైనా ఏ ఇంటి గడపా తొక్కే వీలు లేదు. ఇక ఆడపిల్ల సంగతి! వారాలబ్బాయి అనే మాట తెలుగులో ఉంది గాని, వారాలమ్మాయి అనే మాట మీరెప్పుడైనా విన్నారా? ఆ మాటే పుట్టలేదు. ఎందుకంటే ఆడపిల్ల చదువు కోసం పరాయి ఇంట తినడం అనే ఊహే ఎవరికీ లేదు.

అయితే బడి ఫీజుల దగ్గర తల్లులు ఎంత తెగించారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆ రోజుల్లో పూటకూళ్ళంటే లోకానికి ఎంత చిన్నచూపో మీకు తెలుసు. ఆవిడ దానిని లెక్కచేయలేదు. మిడిల్ స్కూలు పరీక్షకు మూడు రూపాయలు ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు ఆ మూడు రూపాయలూ పుట్టలేదు. ఆవిడ తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. తరువాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ అబ్బాయిని చేరదీసి, తాను రాజమండ్రి వెళ్తూ వెంట తీసుకువెళ్ళి చదివించారు. తల్లి వండి పోసిన అన్నం, తాకట్టులో ఉన్న పట్టుబట్ట, కులం చూడని ఒక మాస్టారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చదువు మధ్యలోనే ఆగిపోయేది.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యాక వారాల స్థానంలో హాస్టళ్ళు రాసాగాయి. నైజాం రాజ్యంలో తెలుగు పల్లెల పిల్లలకు హైదరాబాద్ వచ్చి చదవడం మరీ కష్టం. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో అక్కడ రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డిగారు కొన్నేళ్ళు దాని బాధ్యత చూశారు. ఇలాగే ఒక్కొక్క కులంవారు తమ పిల్లల కోసం హాస్టళ్ళు పెట్టుకున్నారు. ఇందులో ఒక మేలు జరిగింది. పిల్లవాడు గడప గడపకూ వెళ్ళి నిలబడే అవసరం తప్పింది. నలుగురితోపాటు పంక్తిలో కూర్చుని తల ఎత్తుకుని తిన్నాడు. అయినా డబ్బున్న పెద్దలు లేని కులాల పిల్లలు అప్పటికీ బయటే మిగిలారు. వాళ్ళకోసం హైదరాబాదులోనే భాగ్యరెడ్డివర్మగారు 1910లో బడులు మొదలుపెట్టారు. తరువాత అవి పాతిక దాకా పెరిగాయి. అంటరానివాళ్ళని తోసేసిన పిల్లలే ఆ బడుల్లో అక్షరాలు దిద్దారు.

మరి ఆడపిల్లలో? ఇక్కడ నాకు చాలా ఇష్టమైన పేర్లు వస్తాయి. నెల్లూరులో పొణకా కనకమ్మగారు 1923లో ఆడపిల్లల కోసం కస్తూరీదేవి విద్యాలయం స్థాపించారు. కనకమ్మగారికి చిన్నతనంలోనే పెళ్ళయింది. బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కారు, ఇంట్లోనే సొంతంగా నేర్చుకున్నారు. తనకు దక్కనిది ఊరి ఆడపిల్లలకు దక్కాలనుకున్నారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టి ఆడవాళ్ళకు చదువూ, ఉండడానికి నీడా చూపించారు. హైదరాబాదులో మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగులో చదువు చెప్పే బాలికల హైస్కూలు పెట్టారు. అక్కడ ఉర్దూ మీడియం రాజ్యమేలుతున్న రోజులు కావడంతో, దూరాన పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం కుదుర్చుకుని పరీక్షలు రాయించవలసి వచ్చింది.

ఇక దుర్గాబాయిగారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్న పిల్లగా ఉండగానే కాకినాడలో బాలికా హిందీ పాఠశాల నడిపారు. పెద్దయ్యాక ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదవబోతే ఆడవాళ్ళకు హాస్టలు లేదన్న అడ్డంకి వచ్చింది. చూశారా, మళ్ళీ అదే తంటా! సీటు కాదు సమస్య, కూడూ గూడూ సమస్య. ఆవిడ ఊరుకోలేదు. చదవాలనుకునే అమ్మాయిలు ఎవరెవరున్నారో పత్రికాముఖంగా వాకబు చేసి, పదిమందిని కూడగట్టి, ఉండడానికి వసతి ఏర్పాటు చేయించారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చోబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలై, 1958లో అటువంటి స్త్రీల కోసమే దేశమంతటా కండెన్స్‌డ్ కోర్సులు పెట్టించారు. పెళ్ళై, పిల్లలు పుట్టాక మళ్ళీ పలక పట్టి, నర్సులూ టీచర్లూ అయిన ఆడవాళ్ళు ఎందరో ఆ కోర్సుల వల్లే తమ కాళ్ళమీద తాము నిలబడ్డారు.

ఇంతవరకూ చెప్పినదంతా దాతల దయ. ఇప్పుడు మరో మెట్టుకు వద్దాం. పిల్లవాడికి అన్నం పెట్టడం ఎవరి దయా కాదు, ఊరి బాధ్యత అన్న ఆలోచన మన దక్షిణాదిన వందేళ్ళ కిందటే పుట్టింది. మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడుగా ఉన్న సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు మన తెలుగువారే. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషన్ బడి పిల్లలు మరీ బీదవారని, అందువల్ల బడికి వచ్చేవారి సంఖ్య తగ్గిపోతోందని చెప్పి, 1920 సెప్టెంబరులో వాళ్ళకు మధ్యాహ్నం ఫలహారం పెట్టే తీర్మానం చేయించారు. ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదని షరతు. ఒక్క అణా! తరువాత మరికొన్ని బడులకు కూడా పెట్టారు. పిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఇంతలో 1925లో, ఈ ఖర్చు ప్రాథమిక విద్య పద్దులో రాయడానికి వీల్లేదని ప్రభుత్వం అనడంతో పథకం ఆగిపోయింది. పిల్లలు బడికి వస్తున్నారా లేదా అన్నది కాదు, ఏ పద్దులో రాయాలన్నది పెద్ద ప్రశ్న అయిపోయింది. తరువాత కొంతమంది పిల్లలకు మళ్ళీ మొదలుపెట్టారనుకోండి.

ఆ అణా ఫలహారాన్ని రాష్ట్రమంతటికీ పాకించింది కామరాజ్‌గారు. ఆయనా చిన్నతనంలోనే బడి మానవలసి వచ్చిన మనిషి. మద్రాసు ముఖ్యమంత్రిగా 1956లో మధ్యాహ్న భోజన పథకం పెట్టారు. మొదట ఊరివాళ్ళే బియ్యమూ కూరగాయలూ చందాగా ఇచ్చారు, తరువాత ప్రభుత్వం చేయి కలిపింది. అప్పటికి మనం మద్రాసు నుంచి విడిపోయి మూడేళ్ళయింది. 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారు ఆ పథకాన్ని ఇంకా విస్తరించారు.

మన దగ్గర మరో దారి తొక్కారు. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలిసింది. తెలివైన బీద పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచి, అన్నమూ బట్టా పుస్తకమూ ప్రభుత్వమే ఇచ్చి చదివించే బడి అది. ఆ నమూనా మీదే తరువాత ఎన్నో గురుకులాలు వచ్చాయి. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ అలాంటి సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థినే. వారాలమ్మాయి అనే మాటే పుట్టని భాషలో, ప్రభుత్వం అన్నం పెట్టి చదివించిన గిరిజన బాలిక అంత ఎత్తుకు వెళ్ళింది. మనం గర్వపడవద్దూ?

దేశమంతటా బడి పిల్లలకు ఆహారం ఇవ్వాలన్న పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. మొదట చాలా రాష్ట్రాలు నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. ఇంటికి వెళ్ళిన బియ్యం ఇంట్లో అందరి కడుపుల్లోకీ వెళుతుంది, అది సహజం. అందుకని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, వండిన అన్నమే బడిలో పెట్టాలని ఆజ్ఞాపించింది. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో అమలైంది. వంట బాధ్యత ఎవరికి ఇచ్చారనుకున్నారు? డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకు. సరుకులు అరువు తెచ్చి, ఎండలో, పొగలో వండి, బిల్లులు వచ్చేదాకా ఎదురుచూసిన ఆ వంటమ్మల వల్లే ఆ పథకం నిలబడింది.

2004లో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. బడి వంటవాళ్ళ నియామకంలో దళితులకూ గిరిజనులకూ ప్రాధాన్యం ఇవ్వాలని. ఇది విని కొందరు గొణిగారు, కొన్నిచోట్ల పిల్లల్ని తినవద్దన్నారు కూడా. కాని వారాల రోజుల్ని గుర్తు చేసుకోండి. ఏ పిల్లవాడైతే గడప తొక్కకూడదన్నామో, ఆ పిల్లవాడి తల్లి చేతి అన్నం ఊరి పిల్లలందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలన్నారు. మన చదువుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మార్పు నాకు కనిపించదు.

ఇంకొక ముచ్చట. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పథకానికి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు పెట్టింది. సీతమ్మగారు గోదావరి సీమలోని లంకల గన్నవరంలో 1909 దాకా జీవించిన ఇల్లాలు. ఆకలితో వచ్చిన వాళ్ళకు వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా వండి పెట్టిన తల్లి. ఆవిడ బడులు కట్టలేదు, సభల్లో మాట్లాడలేదు. పెరట్లో విస్తరి వేసింది. నూరేళ్ళు దాటాక ఒక ఇల్లాలి పేరు ప్రతి సర్కారు బడి వంటశాలకూ చేరింది. పేరు తెలియని గురువారం ఇల్లాళ్ళందరి తరఫునా ఆ గౌరవం ఆవిడకు దక్కిందని నేను అనుకుంటాను.

"మరైతే ఇక మనం చేయవలసింది ఏముంది, ప్రభుత్వమే అన్నీ చూస్తోందిగా" అని మీరనవచ్చు. చట్టం ప్రకారం ఆరేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ దాకా చదువు ఉచితం, 2010 నుంచీ అది పిల్లల హక్కు. కాని పధ్నాలుగు దాటిన పిల్ల సంగతో? టెన్తు పరీక్ష ఫీజు, ఇంటర్ పుస్తకాలు, బస్సు పాసు, హాస్టలుకు పెట్టె, పక్కబట్టలు. పెద్ద మొత్తాలు కావు. సుబ్బమ్మగారి మూడు రూపాయల లాంటివే. కాని చేతిలో లేనప్పుడు మూడు రూపాయలే కొండ. బీద ఇళ్ళలో ఆడపిల్ల చదువు తెగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

పాత వారాల నుంచి మనం మంచి తీసుకుని చెడు వదిలేయవచ్చు. ఒకటి, వాళ్ళు ఒక్కసారి పెట్టి ఊరుకోలేదు, ప్రతి వారమూ పెట్టారు. పండగనాడు ఒక చీరో, పాత పుస్తకాలో ఇచ్చి మరిచిపోవడం కన్నా, నెలనెలా కొంత చొప్పున చదువు పూర్తయ్యేదాకా ఇవ్వడమే సాయం. రెండు, ఒక్కరే మోయనక్కరలేదు. మీ వాటాల్లో ఉన్న నలుగురు ఇల్లాళ్ళు కలిస్తే ఒక అమ్మాయి ఇంటర్ చదువు వెళ్ళిపోతుంది. మూడు, దానికి బదులు చాకిరీ అడగకండి. "నీ చదువుకు మేమిస్తున్నాంగా, అంట్లు తోమి వెళ్ళు" అన్నామంటే ఆ పాత రోజుల నూతి చేద మళ్ళీ ఆ పిల్ల చేతికి ఇచ్చినట్టే. నలుగురి ముందూ పిలిచి "ఈ పిల్లను మేమే చదివిస్తున్నాం" అని చెప్పడమూ వద్దు. అభిమానం ఆకలికన్నా ఎక్కువ బాధిస్తుంది. నాలుగు, ముందు ఆడపిల్లను చూడండి. మగపిల్లవాడి కోసం ఇంట్లోవాళ్ళు ఎలాగో అప్పు చేస్తారు.

ఇందుకు ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. మీ ఇంట్లో పనిచేసే ఆమెకూ, వాచ్‌మన్‌కూ, బట్టలు ఇస్త్రీ చేసే అతనికీ పిల్లలుంటారు. ఆ పిల్లల పేర్లు మీకు తెలుసా? ఏ తరగతి చదువుతున్నారో తెలుసా? రేపు ఒక్కసారి అడగండి. అడిగినప్పుడు పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో కూడా కనుక్కుని, మీ ఇంటి క్యాలెండరు మీద, పాలవాడి లెక్క పక్కనే, రాసి పెట్టుకోండి.

సెలవు.